కోరింగ, హోప్ ఐలాండ్ పడవ ప్రయాణం: చేయాల్సినవి, అడగకూడనివి

మన దగ్గర సరదాకి సొంత పడవ ఉంచుకునేవాళ్లు చాలా తక్కువ. టికెట్టు కొనుక్కునో, మనిషికింత అని మాట్లాడుకునో ఎక్కుతాం. నడిపేది సరంగు కాబట్టి మర్యాదలన్నీ అతనే చూసుకోవాలని, మనం ఫొటోలు తీసుకుంటూ కూర్చుంటే చాలని అనుకుంటాం. నిజానికి నీటి మీద జరిగే తప్పులు చాలావరకు వెనక కూర్చున్నవాళ్ల నోటి నుంచే మొదలవుతాయి. "ఇంకొంచెం స్పీడు పోనివ్వన్నా", "ఆ కొంగల దగ్గరికి తీసుకెళ్లు, అవి ఎగిరితే వీడియో తీస్తాం", "ఇంకో ఇద్దరే కదా, సర్దుకుంటాంలే". డబ్బులిచ్చి ఎక్కినవాళ్లు అంత గట్టిగా అడిగితే కాదనడం సరంగుకు కష్టం. అందుకే ఈ గైడులో ఏం చేయాలో ఎంత ఉందో, ఏం అడగకూడదో కూడా అంతే ఉంది.

కాకినాడ వైపు గోదావరి, సముద్రం కలిసే చోటును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. గౌతమి పాయ సముద్రంలో కలిసే ప్రాంతంలో కోరింగ మడ అడవులున్నాయి. 1978లో వీటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైనే. వాటికి ఎదురుగా, కాకినాడ అఖాతానికి అవతల, గోదావరి తెచ్చిన ఇసుక మేట వేసి గత రెండు వందల ఏళ్లలో పెరిగిన పొడవాటి ఇసుక దిబ్బ ఉంది. అదే హోప్ ఐలాండ్. సముద్రపు అలలను అది ఆపుతుంది కాబట్టే లోపల అఖాతం అంత ప్రశాంతంగా ఉంటుంది.

ముందు పోటు, పాటు చూసుకోండి

ఇక్కడ పడవ ఎప్పుడు కదలాలో చెప్పేది నీరు. రోజుకు రెండుసార్లు పోటు, అంటే నీరు ఎక్కడం; రెండుసార్లు పాటు, అంటే నీరు దిగడం. ఒకదానికి ఇంకోదానికి మధ్య ఆరు గంటల పైచిలుకు. ఈరోజు పొద్దున ఎనిమిదింటికి పోటు వస్తే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ.

గుజరాత్ ఖంభాత్ దగ్గరలాగా ఇక్కడ నీరు మీటర్ల కొద్దీ లేచి పడదు. కానీ మడ అడవుల కాలవలకు లోతు తక్కువ. పాటు సమయంలో బలవంతంగా వెళ్తే పడవ అడుగు బురదకు రాసుకుంటుంది, ప్రొపెల్లర్ ఆ బురదను చిలికేస్తుంది. అందులో ఉండే పీత పిల్లలు, రొయ్య పిల్లలు, గుల్లలు దెబ్బతింటాయి. పడవ ఇరుక్కుంటే మళ్లీ నీరు ఎక్కేదాకా దోమల మధ్య కూర్చోవాల్సింది మీరే.

కాబట్టి బయల్దేరే ముందురోజే ఫోన్ చేసి, "రేపు పోటు ఎన్నింటికండీ?" అని అడగండి. ఆ గంటను బట్టి టిఫిన్ ఎప్పుడు తినాలో, ఇంట్లోంచి ఎప్పుడు కదలాలో పెట్టుకోండి. "నీళ్లు లేవు, రెండు గంటలు ఆగాలి" అని అక్కడివాళ్లు అంటే ఆగండి. దూరం నుంచి వచ్చామనీ, సాయంత్రం రైలుందనీ ఒత్తిడి పెట్టకండి.

గాలి సంగతి

హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ తీరం వెంబడి అలల ఎత్తు, గాలి వేగం ముందుగా చెబుతుంది. వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. అఖాతం దాటి దీవి వైపు వెళ్లాలనుకుంటే తప్పకుండా చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. పోర్టులో ప్రమాద హెచ్చరిక జెండా ఎగరేశారని వార్త వచ్చిందంటే, నంబరు ఎంతైనా సరే, ఆరోజు ప్రయాణం మానుకోండి. పైన ఎండ కాస్తున్నా సరే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల చేపల వేటకు విరామం ఉంటుంది, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో ఖాళీగా కట్టేసి ఉన్న వేట బోటు కనిపించిందని, "కాస్త తిప్పి తీసుకురా, డీజిల్ డబ్బులిస్తాం" అని బేరం పెట్టకండి. అది మనుషుల్ని ఎక్కించుకోవడానికి అనుమతి ఉన్న పడవ కాదు.

సంచి సర్దుకోవడం

చెత్త సమస్యలో ముప్పావు వంతు ఇంట్లోనే తీరిపోతుంది. పులిహోరో, చపాతీలో స్టీలు డబ్బాలో పెట్టుకోండి. నీళ్లు పెద్ద సీసాల్లో పోసుకోండి. చిప్స్ ప్యాకెట్లు పిల్లలు మానరు అనుకుంటే, ఇంటి దగ్గరే విప్పి డబ్బాలో పోసేయండి. నీటి మీద గాలికి ముందుగా ఎగిరిపోయేది ఖాళీ ప్యాకెట్టే. పట్టుకుందామని ఎవరో లేస్తారు, పడవ ఒరుగుతుంది.

బెలూన్లు, థర్మోకోల్ అక్షరాలు, మెరుపు కాగితాలు వద్దే వద్దు. ఈమధ్య పుట్టినరోజులు పడవల మీద చేయడం ఎక్కువైంది. సముద్ర తాబేళ్ల ఆహారంలో జెల్లీ చేపలుంటాయి. నీటిలో తేలే పాలిథీన్ సంచి, పగిలిన బెలూన్ వాటికి అలాగే కనిపిస్తాయి. మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది. గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి పూలు వదలాలనుకుంటే వదలండి, ఎవరూ కాదనరు. ఆ పూలున్న కవరు మాత్రం తిరిగి మీ సంచిలోకే రావాలి.

టోపీకి దారం ఉండాలి. చెప్పులకు వెనక పట్టీ ఉంటే మంచిది. చీర కొంగు, చున్నీ నడుముకు దోపుకోండి. ఇంజను తిరిగే చోట బట్ట చిక్కుకుంటే చాలా ప్రమాదం. ఇంకోటి, ఎవరూ రాయరు గానీ అందరికీ పనికొచ్చేది: ఈ పడవల్లో చాలావాటికి మరుగుదొడ్డి ఉండదు. రేవులోనే పని ముగించుకుని ఎక్కండి. నీళ్లు తాగడం మానేసి వడదెబ్బ తెచ్చుకోకండి.

రేవులో

అటవీశాఖ లేదా పర్యాటక శాఖ అనుమతి ఉన్న పడవే ఎక్కండి. ఎంతమంది పట్టాలో పడవ మీద రాసి ఉంటుంది. మీరే లెక్కపెట్టండి. చంటిపిల్లలు కూడా మనుషులే, లెక్కలోకి వస్తారు. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర మునిగిన పడవకు అనుమతి లేదు, జనం ఎక్కువ. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర తిరగబడేనాటికి గోదావరి వరద మీద ఉంది. రెండుచోట్లా పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఒకరు ఎక్కువయ్యారని మీకు తెలిస్తే, సిగ్గుపడకుండా దిగి తరవాతి ట్రిప్పుకు ఆగండి. మీ వెనక ఇంకో ఇద్దరైనా దిగుతారు.

లైఫ్ జాకెట్ దిండు కాదు, కుషన్ కాదు. వేసుకుని, పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర ఎవరినైనా పైకి లాగమనండి. చెవుల దాకా వచ్చేస్తే అది వదులు. పిల్లలకు పిల్లల సైజే అడగండి. పెద్దది వేస్తే నీటిలో పడ్డప్పుడు బిడ్డ కిందికి జారిపోతుంది, జాకెట్ పైన తేలుతుంది. చెమట పడుతుంది, నిజమే. దిగేదాకా విప్పకండి.

సరంగును పిలిచే తీరు కూడా చూసుకోండి. గోదావరి జిల్లాల్లో మాట "అండి" లేకుండా పూర్తి కాదు. వయసులో పెద్దాయనైతే "బాబాయ్", మీ ఈడువాడైతే "అన్నా". చిటికెలు వేసి, "ఏయ్ డ్రైవరూ" అని పిలిచినవాళ్లకు ఏ పక్షి ఎక్కడుంటుందో ఎవరు చెప్తారు?

ఎక్కాక

ఒకరి తరవాత ఒకరు, పడవ మధ్యలోకి అడుగేసి, వెంటనే కూర్చోవాలి. బరువు రెండువైపులా సమంగా ఉండాలి. ఒకవైపు డాల్ఫినో, పెద్ద పక్షో కనిపించగానే అందరూ అటు దూకడం పడవలు తిరగబడే కారణాల్లో ఒకటి. అటువైపు ఉన్నవాళ్లు చూస్తారు, తరవాత సరంగు పడవను తిప్పితే ఇటువైపు వాళ్లు చూస్తారు. ముక్కు మీద నిలబడి చేతులు చాపే ఫొటో అడగకండి. అక్కడ మనిషి నిలబడితే నడిపేవాడికి ముందున్న వల బెండ్లు, అంటే వలకు కట్టిన తేలే ముక్కలు, కనబడవు.

బ్లూటూత్ స్పీకరు ఇంట్లో పెట్టి రండి. ఇది నా చాదస్తం అనుకున్నా పర్లేదు. నీటి మీద శబ్దం చాలా దూరం పోతుంది. పాట మీకు రెండు గంటలే, అక్కడ గుడ్ల మీద కూర్చున్న పక్షికి మాత్రం ఇలాంటి పడవలు రోజంతా వస్తూనే ఉంటాయి.

మడ కాలవల్లో

ఇక్కడ వేగం అంటే కాలవ ఒడ్డున అల లేవనంత. వెనక్కి తిరిగి చూడండి. మీ పడవ లేపిన అల ఒడ్డు బురదకు కొట్టుకుని ఎర్రటి నీరు జారుతోందంటే వేగం ఎక్కువైనట్టే. ఒడ్డు కోసుకుపోతే వేర్లు బయటపడతాయి, కొన్నాళ్లకు చెట్టు కాలవలో పడుతుంది.

నల్లమడ, తెల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా నిక్కపొడుచుకున్నవి ఆ చెట్లు గాలి పీల్చుకునే వేర్లు. ఉప్పు బురదలో గాలి ఉండదు కాబట్టి పైకి వస్తాయి. వాటి మీద నడిస్తే విరుగుతాయి, వాటికి డీజిల్ తెట్టు అంటుకుంటే సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. అందుకే చెక్క వంతెన మీద నడిచేటప్పుడు, పక్కకు దిగి ఫొటో దిగుదామన్న ఆలోచన వద్దు. కొమ్మలు పట్టుకుని పడవ లాగకండి, విరవకండి. తిల్ల చెట్టు అయితే మీకే ముప్పు. దాని పాలు కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు, చూపుకే ప్రమాదం. ఏ చెట్టు ఏదో తెలియనివాళ్లు ఏదీ ముట్టుకోకపోవడం మేలు.

నీటికుక్కలు, బావురు పిల్లులు ఈ అడవిలో ఉన్నాయి. బావురు పిల్లి రాత్రి తిరిగే జంతువు, పగటి షికారులో కనబడే అవకాశం తక్కువ. కనబడలేదని సరంగును సాధించకండి. నీటికుక్కల గుంపు ఎదురైతే ఇంజను ఆపించి, పడవను నీటివాలుకు వదిలేసి చూడండి. వాటి దారికి అడ్డంగా వెళ్లకండి. తలలెత్తి మీవైపు చూసి గట్టిగా అరిచాయంటే దగ్గరికొచ్చేశారని అర్థం, వెనక్కి తగ్గండి. పక్షుల విషయంలోనూ అంతే. తినడం ఆపి మెడలు పైకెత్తాయంటే అక్కడే ఆగాలి. చప్పట్లు కొట్టి గుంపును లేపడం, డ్రోన్ ఎగరేయడం అస్సలు కూడదు. అభయారణ్యంలో డ్రోన్‌కు అటవీశాఖ అనుమతి కావాలి కూడా. శీతాకాలంలో వేల మైళ్లు ఎగిరొచ్చిన వలస పక్షులకు ఆ బురద మీద దొరికే తిండి తిరుగు ప్రయాణానికి కావాలి. మీరు లేపిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చయిపోతుంది.

వలలు, వేటగాళ్లు

దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను. పర్యాటకుల పడవలకూ మత్స్యకారులకూ గొడవ వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

నీటిలో వరసగా తేలే బెండ్లు, థర్మోకోల్ ముక్కలు, ఖాళీ డబ్బాలు కనిపిస్తే అవి చెత్త అనుకోకండి. వాటి కింద వల ఉంది. కాలవ పక్కన పాతిన గెడలు కనిపిస్తే వాటి మధ్య వల కట్టి ఉండొచ్చు. ఎదర కూర్చున్నవాళ్లు మొదట చూస్తారు కాబట్టి సరంగుకు చెప్పండి. ఆ వరస మధ్యలోంచి దాటకుండా చివరి బెండు చుట్టూ తిరిగి వెళ్లాలి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. సముద్రపు దారి నియమాల్లోనూ వల వేసి వేటలో ఉన్న పడవకు ఇంజను పడవే తప్పుకోవాలని ఉంది.

పొరపాటున వల ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే ముందు ఇంజను ఆపాలి. తరవాత కత్తి కోసం వెతక్కండి. వల ఎవరిదో వాళ్లను పిలిపించండి. విప్పుతారు. కోయక తప్పకపోతే వాళ్లే ఎక్కడ కోయాలో చెప్తారు. నష్టం ఎంతో అడిగి అక్కడే ఇచ్చేయండి. వల ఖరీదు వేలల్లో ఉంటుంది, అది బాగయ్యేదాకా ఆ ఇంటికి వేట ఉండదు. కోసేసి వదిలేసిన వల ముక్క ఇంకో ప్రమాదం. ఎవరూ లాగని ఆ వల నీటిలో ఏళ్ల తరబడి చేపల్నీ తాబేళ్లనీ పట్టి చంపుతూనే ఉంటుంది. తాబేలు ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావాలి, వలలో చిక్కితే మునిగి చచ్చిపోతుంది.

అఖాతంలో మొలలోతు, మెడలోతు నీళ్లలో దిగి గుల్లలు, పీతలు ఏరుకునేవాళ్లు కనిపిస్తారు. ఆడవాళ్లే ఎక్కువ. వాళ్ల పక్కనుంచి వేగంగా వెళ్తే ఆ అల వాళ్ల మొహం మీదికి వెళ్తుంది. ఒంటరిగా తెప్ప మీద కూర్చున్నవాడికీ అంతే. దూరం నుంచే వేగం తగ్గించమనండి. ఫొటో తీయాలంటే చేయెత్తి అడగండి. వద్దని తల ఊపితే మానేయండి. వాళ్లు ఆఫీసు పనిలో ఉన్నారని అనుకుంటే ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది. రేవులో ఆరబెట్టిన వలల మీదా, ఎండుచేపల మీదా చెప్పులతో నడవకండి. చేపలు కొనాలనిపిస్తే ధర అడిగి కొనండి. "ఒకటి ఊరికే ఇవ్వొచ్చు కదా" అని నవ్వుతూ అడిగినా అది బాగుండదు.

అఖాతంలో

రోడ్డు మీద మనం ఎడమవైపు నడుపుతాం. నీటి మీద ఎదురెదురుగా రెండు ఇంజను పడవలు వస్తే ఎవరి కుడివైపుకు వాళ్లు తప్పుకోవాలి. ప్రపంచమంతా ఇదే పద్ధతి. కాకినాడ యాంకరేజి పోర్టులో లంగరేసిన ఓడలకు బార్జీల మీద బియ్యం, ఇతర సరుకులు వెళ్తుంటాయి. ఆ బార్జీలు, ఓడలు మీ పడవను చూసినా వెంటనే ఆగలేవు, తిరగలేవు. ఓడ ముందు నుంచి దాటడం, ఓడ పక్కకు తీసుకెళ్లి సెల్ఫీ అడగడం రెండూ వద్దు.

దీవి మీద, తాబేళ్ల కాలంలో

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గుంటలో వంద పైచిలుకు గుడ్లుంటాయి. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఈ నెలల్లో అటవీశాఖ దీవి మీదికి రానిస్తుందో లేదో ముందే కనుక్కోండి. రానివ్వకపోతే దూరం నుంచి చూసి రావడమే. అనుమతి ఉన్నా అలల గీతకు దగ్గరగా, తడి ఇసుక మీద నడవండి. గుడ్లుండేది పైన పొడి ఇసుకలో. మన కాలికింద ఇసుక గట్టిపడితే లోపలి పిల్ల పైకి రాలేదు.

తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కువగా రాత్రివేళ వస్తాయి. ఎవరైనా "రాత్రి తీసుకెళ్లి చూపిస్తా" అంటే ఒప్పుకోకండి. అటవీ సిబ్బందితో వెళ్లే అవకాశం వస్తే ఫ్లాష్ లేదు, తెల్ల టార్చి లేదు, తాబేలు ఎదుటికి వెళ్లడం లేదు. వెనకవైపు దూరంగా కూర్చోవాలి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురున్న వైపుకు పాకుతాయి. సహజంగా అది సముద్రం వైపు. ఫోన్ లైటు వేస్తే మీవైపు వస్తాయి. వాటిని ఎత్తి నీళ్లలో వదలడం సాయమనుకుంటారు చాలామంది. పాకనివ్వండి. తప్పకపోతే సిబ్బంది చూసుకుంటారు.

తిండి మిగిలిందని ఇసుకలో పూడ్చకండి. ఆ వాసనకు కుక్కలు, నక్కలు వచ్చి తవ్వుతాయి, తవ్వేటప్పుడు గుడ్లు దొరుకుతాయి. గవ్వలు, శంఖాలు సంచుల్లో నింపుకోకండి. ఖాళీగా కనిపించే శంఖంలో సన్యాసి పీత కాపురం ఉండొచ్చు. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని గానీ గుడ్లను గానీ ముట్టుకుని కేసు పడితే కనీసం మూడేళ్ల జైలు. చచ్చిన తాబేలు ఒడ్డున కనబడితే ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, అటవీశాఖ వాళ్లకు చెప్పండి. కదపకండి.

సొంత పడవ, ఇంజను ఉన్నవాళ్లకు రెండు మాటలు

పడవ అడుగున చేరిన నీటిలో ఇంజను నూనె కలిసి ఉంటే దాన్ని తోడి కాలవలో పోయకండి. డబ్బాలో పట్టి ఒడ్డుకు తీసుకెళ్లండి. ఇంజను కింద పాత గుడ్డలు పరిస్తే చాలా నూనె అక్కడే ఆగుతుంది. డీజిల్ పోసేటప్పుడు గరాటు వాడండి, నిండుగా నింపకండి. లంగరు ఇసుకలో వేయండి, వేర్ల మధ్య కాదు. తాడును లేత మడ మొక్కలకు కట్టకండి.

ఏదైనా జరిగితే

మనిషి నీటిలో పడితే మొదట గట్టిగా అరిచి ఇంజను న్యూట్రల్‌లో పెట్టించండి. ఒకరు చూపు తిప్పకుండా పడ్డ మనిషివైపే వేలు చూపిస్తూ ఉండాలి. ఇంకొకరు గాలి చక్రమో, ఖాళీ నీళ్ల డబ్బానో, తాడో విసరాలి. ఈత వచ్చు కదా అని జాకెట్ లేకుండా ఎవరూ దూకకూడదు.

కోస్ట్ గార్డ్ నంబరు 1554, ఎమర్జెన్సీకి 112. రెండూ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. కాలవల లోపల, దీవి మీద సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. కాబట్టి ఒడ్డున ఎవరో ఒకరికి ఏ పడవ ఎక్కారో, ఎంతమంది ఉన్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో చెప్పి బయల్దేరండి. చెప్పిన టైముకు గంట దాటినా రాకపోతే వాళ్లు ఫోన్ చేయాలి. దిగగానే ఆ మనిషికి వచ్చేశామని చెప్పడం మరిచిపోకండి, లేకపోతే మీరు ఇంట్లో భోజనానికి కూర్చున్న వేళకి ఒడ్డున టెన్షన్‌తో వెతుకులాట మొదలవుతుంది.